తోలుబొమ్మలాట పెట్టిస్తే జనం కూర్చుంటారా? మా ఊళ్ళో రెండుసార్లు పెట్టించిన అనుభవం

మీ ఊరి శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట పెట్టిద్దామనుకుంటున్నారు, ఆడేవాళ్ళు ఇంకా దొరుకుతారా, దొరికినా ఈ ఫోన్ల కాలంలో జనం కూర్చుంటారా అని అడిగారు. దొరుకుతారు, కూర్చుంటారు కూడా. మాది ధర్మవరం పక్కన పల్లె, మా ఊళ్ళో రెండుసార్లు పెట్టించాం, మొదటిసారి మేమే చేజేతులా పాడు చేసుకున్నాం, రెండోసారి కోడి కూసేదాకా ఆడిచ్చాం, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

మా వైపు అయితే నిమ్మలకుంటకి పోవాల. ధర్మవరం మండలమే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడ బొమ్మలాడించే కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ కలిసిన భాష, తెర వెనక కూర్చున్నారంటే మాత్రం రంగనాథ రామాయణం ద్విపదలు (రెండేసి పాదాల పద్యాలు) కాగితం చూడకుండా గడగడా పాడతారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన ఆంధ్ర తోలుబొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సొత్తు అని ఇచ్చే గుర్తింపు, 2008లోనే వచ్చింది. మీది కాకినాడ వైపు అయితే మాధవపట్నంలో అడగండి, ఆడే కుటుంబాలు ఆ ఊళ్ళో కూడా ఉన్నాయి.

నిమ్మలకుంటకి పోతే మీకు ముందు కనపడేది ఆట కాదు, ల్యాంప్ షేడ్లు. వసారాల్లో కూర్చొని మేకతోలు మీద రంగులేస్తా ఉంటారు, పక్కన పిల్లలు ఉలితో చిల్లులు కొడతా ఉంటారు. ఎగ్జిబిషన్లలో అమ్ముడుపోయేది అదే, వాళ్ళకి అన్నం పెట్టేదీ అదే, తప్పు అననే అనను. కానీ నా బాధంతా ఇక్కడే ఉంది. గోడకి తగిలిచ్చిన హనుమంతుడికి పాట అక్కర్లేదు, మద్దెల అక్కర్లేదు, వెనక కూర్చొని గొంతు మార్చే మనిషి అక్కర్లేదు. బొమ్మ చేయడం నేర్చుకున్న పిల్లలు ఉండారు, రాత్రంతా పాడగలిగిన పిల్లలు తక్కువైపోయినారు, ఎందుకంటే పిలిచేవాళ్ళు లేరు. కాబట్టి బొమ్మ కొనుక్కుంటే కొనుక్కోండి, దానికన్నా ముందు ఆటకి పిలవండి.

ఇంక మేం చేసిన తప్పు. మొదటిసారి జాతరలో ఆర్కెస్ట్రాకి ముందు గంట టైం ఇచ్చాం, ఎత్తుగా స్టేజి కట్టాం, లోపల బాగా కనపడాలని తెల్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు రెండు పెట్టాం. వీధి లైట్లు ఆర్పలేదు. రంగులన్నీ సున్నం కొట్టినట్టు పాలిపోయినాయి, రెండు లైట్లకి నీడలు రెండు పడి రాముడెవరో లక్ష్మణుడెవరో తెలీలేదు. వినాయకుడి ప్రార్థన, నవ్వించే బొమ్మ కేతిగాడి హాస్యం అయ్యేలోపే ఆర్కెస్ట్రా వాళ్ళు మైకు టెస్టింగ్ మొదలుపెట్టినారు. ఆటలో పెద్దాయన ఒక్క మాట అనలేదు, బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి గంపలో పెట్టుకుంటా ఉంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా అవ్వ మాత్రం "పిలిచి అవమానం చేసినారు కదరా" అని రెండు రోజులు నాతో మాట్లాడలా.

మరుసటేడు అదే పెద్దాయన దగ్గరికి పోయి "తాతా, ఈసారి నువ్వెట్ల చెప్తే అట్లనే" అన్నా. ఆయన అడిగింది ఒకటే, "చీకటి చేసియ్యప్పా, సాలు" అన్నాడు. గుడి ముందర నేల మీదే గుంజలు పాతి, తెల్లపంచెలు రెండు కలిపి తెర కట్టి, కిందంతా కంబళ్ళు కప్పినారు. లోపల పసుప్పచ్చ బల్బు ఒక్కటే. పూర్వం ఆముదం దీపాలంట. చుట్టుపక్కల వీధి లైట్లు లైన్‌మన్‌తో మాట్లాడి ఆర్పిచ్చాం.

ఆ రాత్రి నేను సగం సేపు తెర వెనకే కూర్చున్నా. బొమ్మకి నడిమధ్యన నిలువుగా వెదురు బద్ద, అది ఒక చేతిలో, బొమ్మ చేతులకి కట్టిన పుల్లలు ఇంకో చేతి వేళ్ళ సందున. హనుమంతుడు లంకలో ఎగరాలంటే పెద్దాయన తెరకి ఆనించిన బొమ్మని టక్కున వెనక్కి గుంజుతాడు, బయట నీడ పెద్దదై మసకగా అయిపోతుంది, మళ్ళీ ఇంకో చోట తెరకి ఠప్పున ఆనిస్తాడు, సరిగ్గా అదే క్షణంలో కాలి కింద చెక్క ధన్ మని తొక్కుతాడు. పాడేదీ ఆయనే. పక్కన ఆయన కోడలు సీత మాటలు చెప్తా, చేత్తో తాళం వేస్తా ఉంది. బొమ్మ మీద కొట్టిన సన్న సన్న చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి రావణాసురుడి కిరీటం నగలు నిజంగా మెరిసినట్టే కనపడింది. నిజం చెప్తున్నా, ముందుకు పోయి చూస్తే ఫోన్ పట్టుకున్నోళ్ళు తక్కువ, నిద్రపోయిన పిల్లల్ని లేపి మరీ చూపిస్తా ఉండారు.

అర్ధరాత్రి దాటినాక జనం పల్చబడతారు, భయపడొద్దు. అప్పుడే జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు వస్తారు, వాళ్ళ కొట్లాట కొంచెం మోటుగా ఉంటుంది, మా కమిటీలో ఒకాయన ఆపించమన్నాడు, నేను వద్దన్నా. నిద్ర తేలగొట్టేది అదే, ఊళ్ళో సంగతులు కూడా అప్పటికప్పుడు కలుపుకుంటారు కాబట్టి ఇళ్ళకి పోయినోళ్ళు కూడా నవ్వులు విని మళ్ళీ వచ్చినారు.

డబ్బుల విషయం వాళ్ళతోనే నేరుగా మాట్లాడుకోండి, మధ్యలో ఎవర్నీ పెట్టొద్దు. మనుషులు ఎంతమంది వస్తారో అడిగి అంతమందికీ భోజనం, పడుకోను చోటు, బండి ఖర్చు వేరేగా ఇవ్వండి. పాడేవాళ్ళ దగ్గర మైకులు రెండైనా పెట్టండి, వేడి నీళ్ళు అందేలా చూడండి, రాత్రంతా గొంతుతోనే కదా పని. శివరాత్రికి పిలుపులు ఉంటాయి కాబట్టి సంక్రాంతి లోపలే పోయి మాట్లాడండి. ఏ కథ కావాలని అడుగుతారు, చాలామంది లంకాదహనం అంటారు, మీరు రాత్రంతా పెట్టించేటట్టయితే మైరావణ చరిత్ర (మైరావణుడు రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోయే కథ) కూడా అడగండి, మా అవ్వ తెల్లారుజామున కూడా కన్ను మూయకుండా చూసింది ఆ కథనే.