భీమిలిలో ఉప్పు తింటున్న పాత ఇటుక గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: భీమిలిలో మీ తాతగారు కట్టిన పెంకుటిల్లు. నడుము ఎత్తు దాకా రాతి కట్టడం, ఆపైన ఇటుక, అంతా సున్నంతో కట్టింది. సముద్రం వైపు గోడ పెచ్చులూడి, చెయ్యి పెడితే ఇటుక పొడిగా రాలుతోంది. మేస్త్రి గారు మొత్తం గీకేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేద్దామంటున్నారు. మీ అబ్బాయేమో అసలు ప్లాస్టరింగే వద్దు, ఇటుకని పైకి కనబడేలా వదిలేసి రంగులేని కోటింగు కొడదామంటున్నాడు.

రెండూ వద్దండి. మాదీ ఆ ఊళ్ళోనే అదే రకం ఇల్లు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

మా పెద్దనాన్నగారు వరండా వైపు గోడకి సిమెంటు పూత పూయించారు. కొన్నేళ్ళు నున్నగా, చూడముచ్చటగా ఉంది. తర్వాత పలకలు పలకలుగా లేచింది. ఊడిన ప్రతి పలక వెనకా ఇటుక ముఖం అంటుకుని వచ్చేసింది. ఎవరూ పట్టించుకోని పెరటి గోడ మాత్రం పాత సున్నం పూతతోనే నిలబడి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పెంకులు ఎగిరిపోయి ఇల్లంతా తడిసినప్పుడు తేడా ఇంకా బాగా తెలిసింది. పెరటి గోడ ఎండకి ఆరిపోయింది. సిమెంటు వైపు గోడలో నెమ్ము మళ్ళీ వేసవి దాకా పోలేదు.

ఎందుకంటే గోడని తినేది నీళ్ళు కాదు, నీళ్ళలోని ఉప్పు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే కరిగిపోతుంది, తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. మన తీరంలో తేమ ఆ గీతకి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కరగడం, పలుకు కట్టడం, మళ్ళీ కరగడం. పలుకు కట్టిన ప్రతిసారీ ఇటుకలోని సన్నటి రంధ్రాల గోడల్ని నెడుతుంది. ఈ పని గోడ పైన జరిగితే తెల్లటి పొడి కనిపిస్తుంది, చీపురుతో దులిపేస్తే పోతుంది. లోపల జరిగితేనే ఇటుక ముఖం పేలిపోతుంది. సున్నం పూత నెమ్ముని బయటికి వదులుతుంది కాబట్టి ఉప్పు పూతలోకి వచ్చి చేరుతుంది, చివరికి పోయేది పూత. సిమెంటూ ప్లాస్టిక్ పెయింటూ ఆ దారి మూసేస్తాయి, ఉప్పు ఇటుకలోనే ఆగిపోతుంది, అప్పుడు పోయేది ఇటుక. రంగులేని సిలికాన్ కోటింగులదీ దాదాపు ఇదే కథ. అవి బయటి వాన చుక్కని ఆపుతాయేమో గానీ, అప్పటికే గోడలో ఉన్న ఉప్పు ఆ పొర వెనకే పలుకు కడుతుంది. అంచేత ఇలాంటి ఇళ్ళకి నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: పూతా, ఇటుకల సందుల్లో పెట్టే మాలూ ఇటుక కన్నా, రాయి కన్నా మెత్తగా ఉండాలి. అరిగిపోవడమే వాటి పని.

ఇక పని దగ్గరికి వస్తే, గోడ ముట్టుకునే ముందు నీళ్ళ సంగతి చూడండి. మా వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇంటి పునాది సగం భూమిలోకి పోయింది, మీదీ అంతే అయ్యుంటుంది. గోడకి ఆనుకుని పోగైన మట్టి తీయించండి. ఇంటి చుట్టూ సిమెంటు గచ్చు ఉంటే గోడ పక్కన ఒక అడుగు వెడల్పున పగలగొట్టించి కంకర పోయించండి. నేల ఆవిరి వదలడానికి చోటు లేకపోతే నెమ్ము గోడెక్కుతుంది. లోపల గచ్చు తీసేసి విట్రిఫైడ్ టైల్స్ వేయించిన ఇళ్ళలో గోడలు అడుగు నుంచి పాడవడానికి చాలాసార్లు ఇదే కారణం. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా చూడండి. పెంకులు సవరించండి. ఇవి చేశాక గోడని ఒక ఎండాకాలం వదిలేయగలిగితే ఇంకా మంచిది. ఓపిక కష్టమే, కానీ తడి గోడ మీద చేసిన పని ఏదీ నిలవదు.

ఆ తర్వాత ఉప్పు. పైన కనిపించే తెల్ల పొడిని మెత్తటి బ్రష్షుతో పొడిగానే దులిపి, చేటలోకి ఎత్తి దూరంగా పారబోయండి. గోడ మొదట్లోనే వదిలేస్తే మళ్ళీ వానకి లోపలికే పోతుంది. నీళ్ళు కొట్టి కడగొద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. యాసిడ్‌తో కడుగుతామనే వాళ్ళు వస్తారు. బజార్లో దొరికేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది సున్నాన్ని తిని కొత్త క్లోరైడ్ ఉప్పుల్ని చేసి పెట్టి పోతుంది.

లోపలి ఉప్పుని లాగడానికి కాగితం గుజ్జు పట్టు వేస్తారు. కోణార్క్‌లో, మహాబలిపురం తీరాలయంలో పురావస్తు శాఖ వాళ్ళు చేసేది ఇదే. అచ్చు లేని తెల్ల కాగితాన్ని ఆర్‌ఓ నీళ్ళలోనో వాన నీళ్ళలోనో నానబెట్టి గుజ్జు చేసి, గోడని కాస్త తడిపి, వేలు మందాన మెత్తించాలి. ఆరేటప్పుడు గోడలోని ఉప్పు నీళ్ళు గుజ్జులోకి వస్తాయి. పూర్తిగా ఆరాక ఊడదీసి పారేయాలి, మళ్ళీ వేయాలి. ఎన్నిసార్లు అంటే, ఇంట్లో తాగునీళ్ళు చూసుకునే టీడీఎస్ మీటరు ఉంటుంది కదా, దాంతో తెలుసుకోవచ్చు. ప్రతిసారీ అంతే ఎండు గుజ్జుని అన్నే ఆర్‌ఓ నీళ్ళలో నానబెట్టి రీడింగ్ చూడండి. తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోతే ఇక చాలు. ఇల్లంతా చేయక్కర్లేదు, బాగా రాలుతున్న చోట్ల చేస్తే సరిపోతుంది. విసుగు పని, మేస్త్రులెవరూ ఇష్టపడరు. మేం ఇంట్లోవాళ్ళమే చేసుకున్నాం.

సందుల్లో పాత మాలు పొడైపోయి ఉంటుంది. దాన్ని ఉలీ సుత్తీతో చేత్తోనే తీయించండి. కట్టర్ మిషను పెడితే పని తొందరగా అవుతుంది, ఇటుక అంచులూ అంతే తొందరగా పోతాయి. లోతు కనీసం సందు వెడల్పుకి రెండింతలు, అంటే సుమారు అంగుళం ఉండాలి. పైపైన గీకి మెత్తితే మరుసటి వానకే రాలుతుంది. ఎవరో ఎప్పుడో సిమెంటుతో చేసిన పాయింటింగ్, అంటే సందులు పూడ్చిన పని, గట్టిగా పట్టుకుని ఉంటే మాత్రం పీకొద్దు. పీకితే ఇటుకే పోతుంది. వదులైనప్పుడు చూసుకోవచ్చు.

మాలు డంగు సున్నమే కావాలి. నీళ్ళలో బాగా మురిగిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. ఇసుక నదిది, కడిగినది. పక్కనే ఉంది కదా అని సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవీ వద్దు. తేమ ప్రాంతం కాబట్టి మెత్తగా దంచిన ఇటుక పొడి కొంత కలిపితే త్వరగా పట్టుకుంటుంది. బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపడం తెలిసిన మేస్త్రి దొరికితే కలపనివ్వండి, యూట్యూబ్ చూసి మాత్రం మీరు కలపొద్దు. "గట్టిదనానికి కాస్త సిమెంటు వేద్దామండీ" అంటారు చూడండి, అక్కడ గట్టిగా నిలబడాలి. సిమెంటు తనతోపాటు కరిగే ఉప్పుల్ని కూడా తెస్తుంది. సున్నం మురగబెట్టేటప్పుడు ఉడుకుతుంది, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. చేసిన చోట తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం రోజులు ఆరకుండా చూడాలి. మే నెల ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. తుపాన్లు తగ్గాక, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి లోపు చేయించండి.

మేస్త్రి కోసం ఊళ్ళో అపార్టుమెంట్లు కట్టేవాళ్ళని కాకుండా పాత గుళ్ళకి మరమ్మతులు చేసేవాళ్ళని వెతకండి. పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థకి విశాఖలో శాఖ ఉంది, వాళ్ళని అడిగినా ఎవరైనా తెలియొచ్చు.

కింది రాతి కట్టడం గురించి మీరు తక్కువ రాశారు గానీ నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. మన వైపు కొండల్లో దొరికే రాయి చాలామటుకు ఖొండలైట్, ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తుంటాయి. కోణార్క్ గుడిదీ అదే జాతి. పొరలు పొరలుగా ఉంటుంది. పొర అడ్డంగా పరిచి కట్టిన రాయి నిలుస్తుంది, నిలువుగా పెట్టినది రేకులు రేకులుగా లేస్తుంది. మీ గోడ దగ్గర కూర్చుని ఏ రాళ్ళు లేస్తున్నాయో చూడండి, దాదాపు అన్నీ నిలువు పొరవే అవుతాయి. సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వచ్చేవాటిని తీసి అదే రకం రాయిని పొర అడ్డంగా వచ్చేలా పెట్టించండి. రాళ్ళని పట్టడానికి ఇనుప ముక్కలు వాడొద్దు, తుప్పు పట్టి ఉబ్బితే రాయినే చీలుస్తాయి. తప్పదంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. గోడ పొట్ట కట్టినట్టు ముందుకి వచ్చినా, పగులు ఇటు నుంచి అటు దాకా ఉన్నా, పైన నేను చెప్పినవన్నీ ఆపి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.

ముఖం పోయిన ఇటుకల్ని పారేయకండి. జాగ్రత్తగా తీసి తిప్పి చూస్తే వెనక ముఖం చాలాసార్లు బాగానే ఉంటుంది. తిప్పి పెట్టేయడమే. కొత్తవి కావాలంటే పడగొట్టిన పాత ఇళ్ళవి తెచ్చుకోవచ్చు, ముందు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు పోగొట్టాలి.

ఆఖరున సున్నం ప్లాస్టరింగ్, దాని మీద వెల్ల. ఏడాదికో రెండేళ్ళకో వెల్ల వేసుకుంటూ ఉండాలి, అది ఎప్పటికీ తప్పదు. గోడకి ఎదురుగా స్థలం ఉంటే సరుగుడు చెట్లు రెండు వరసలు వేయండి, ఉప్పు గాలి చాలా తగ్గుతుంది. మీ అబ్బాయి కోరిక కాదనక్కర్లేదు. సముద్రం వైపు ఇటుకని బయటపెట్టడం కుదరదు గానీ, హాల్లో నెమ్ము లేని లోపలి అడ్డగోడ ఒకటి చూసి పూత తీయించి సున్నంతో పాయింటింగ్ చేయించండి. దానికి కూడా కోటింగు మాత్రం కొట్టించొద్దు.