కోడింగ్ ఇప్పుడే మొదలుపెట్టాం, ఎంఎంఓ గేమ్ చెయ్యగలమా?

మీరు అడిగింది ఇదీ: నలుగురు స్నేహితులు, బెంగళూరు మారతహళ్లిలో ఒకే పీజీలో ఉంటున్నారు. పైథాన్ కొంచెం వచ్చు, సీ షార్ప్ ఈమధ్యే మొదలుపెట్టారు. ఎంఎంఓ, అంటే వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ గేమ్ చెయ్యాలని ఉంది. ఏ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) తీసుకోవాలి, ఎన్నాళ్లు పడుతుంది? అడిగిన ప్రతివాళ్లూ "మీవల్ల కాదు, వదిలెయ్యండి" అంటున్నారని కూడా రాశారు.

వదిలెయ్యక్కర్లేదు. కానీ ఇంజిన్ దగ్గర మొదలుపెట్టకండి. నేను బెంగళూరులోనే ఒక గేమ్ కంపెనీలో సర్వర్ వైపు, అంటే అందరి ఆటనీ కలిపి నడిపే కంప్యూటర్ వైపు పని చేస్తాను. మా టీమ్‌కి వచ్చే ఫ్రెషర్లు, ఆదివారాలు మా ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచే మన తెలుగు పిల్లలు దాదాపు అందరూ ఒకే దారిలో వెళ్తారు. ముందు మ్యాప్, తర్వాత క్యారెక్టర్లు, ఆయుధాలు, గుర్రాలు. అన్నీ అయ్యాక "ఇక మల్టీప్లేయర్ కలిపేద్దాం" అంటారు. ప్రాజెక్టులు ఆగిపోయేది అక్కడే. ఒక్కరు ఆడుకోవడానికి రాసిన గేమ్‌లో ప్రతి లైనూ "ఈ కంప్యూటర్‌లో ఉన్నదే నిజం" అనుకుని రాసింది. పదిమంది చేరగానే నిజం సర్వర్‌లోకి వెళ్లిపోతుంది, మీ స్క్రీన్ మీద కనిపించేది కాస్త పాత సంగతి అవుతుంది. అప్పుడు మార్చాల్సింది కొన్ని ఫైళ్లు కాదు, మొత్తం.

వేలమంది అన్నారు కాబట్టి ఒక లెక్క చూడండి. 10 మంది ఉంటే ఒక్కొక్కరి కదలికా అందరికీ చెప్పాలి, అంటే ఒక్క విడతకి 100 అప్‌డేట్లు. 1000 మంది ఉంటే 10 లక్షలు. మనుషులు వంద రెట్లు పెరిగితే పని పదివేల రెట్లు పెరిగింది. సర్వర్ సెకనుకి 20 సార్లు పంపాలి, ఒక్కో అప్‌డేట్ 20 బైట్లే అనుకున్నా సెకనుకి 400 మెగాబైట్లు. విద్యార్థులు అద్దెకి తీసుకోగలిగే ఏ సర్వరూ దాన్ని మొయ్యదు. అందుకే వేలమంది ఆడే ఏ గేమూ అందరి సంగతీ అందరికీ చెప్పదు. జాతరలో పక్కనున్నవాళ్ల మాటలే వినపడినట్టు, ప్రతి ఆటగాడికీ తన చుట్టుపక్కల వాళ్ల కదలికలే పంపుతారు. దగ్గర్లో సగటున 30 మందే ఉంటే అదే లెక్క సెకనుకి 12 మెగాబైట్లకి దిగుతుంది. మ్యాప్‌ని గళ్లుగా విడగొట్టి ఎవరు ఏ గడిలో ఉన్నారో గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ కోడ్ మీరే రాయగలరు.

అందరూ ఒకే గడిలోకి వచ్చినప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు. 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ అనే ఎంఎంఓలో వేలాది అంతరిక్ష ఓడలు ఒకేచోట యుద్ధానికి దిగితే ఆ ప్రాంతంలో ఆట కాలాన్నే నెమ్మది చేస్తారు, అవసరమైతే పదో వంతు వేగానికి. అన్నేళ్లుగా అదే పని చేస్తున్నవాళ్లు కూడా సమస్యని మాయం చెయ్యలేదు, దానికి తగ్గట్టు ఆటని మలిచారు. నాకు ఇది చాలా ధైర్యాన్నిచ్చే విషయం. మీ ఆట నిదానంగా సాగేదైతే, అంటే వ్యవసాయం, వ్యాపారం, వంతులవారీ పోరాటం లాంటిదైతే, సెకనుకి 20 సార్లు కాదు, రెండు సార్లు పంపినా సరిపోతుంది. సాంకేతిక కష్టంలో సగం డిజైన్‌లోనే తగ్గించుకోవచ్చు.

ఆలస్యం గురించి కూడా ఇప్పుడే తెలుసుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బెంగళూరు నుంచి ముంబై సర్వర్‌కి వెళ్లి రావడం పెద్ద బాధ కాదు. అదే సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే 200 మిల్లీసెకన్లు దాటుతుంది, ఎంత గొప్ప కోడ్ రాసినా దూరం తగ్గదు. బటన్ నొక్కగానే పాత్ర కదలాలంటే క్లయింట్ (ఆటగాడి దగ్గర నడిచే ప్రోగ్రామ్) ముందే ఊహించి కదిపేసి, సర్వర్ జవాబు వచ్చాక సరిదిద్దుకోవాలి. 1996లో క్వేక్‌వరల్డ్ అనే షూటింగ్ గేమ్ చేసింది ఇదే, ఇప్పటికీ చాలా గేమ్‌లు చేసేది ఇదే. మీ నలుగురూ ఒకే పీజీ వైఫై మీద టెస్ట్ చేస్తే ఇదేదీ బయటపడదు. లినక్స్‌లో నెట్‌ఎమ్ అనే సాధనంతో కావాలనే 150 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం ప్యాకెట్ నష్టం (పంపిన డేటా ముక్కలు దారిలో పోవడం) పెట్టి ఆడండి. ఊళ్లో ఉన్న తమ్ముడి చేత ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడించండి. సర్వర్‌ని పీజీలో పెట్టాలనుకోకండి, అలాంటి కనెక్షన్లకి చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరుకోగలిగే ఇంటర్నెట్ అడ్రస్ ఉండదు. నెలకి కొన్ని వందల రూపాయలకి చిన్న క్లౌడ్ సర్వర్ దొరుకుతుంది. అమెజాన్‌కి ముంబై, హైదరాబాద్‌లలో, డిజిటల్ఓషన్‌కి బెంగళూరులోనే డేటా సెంటర్లు ఉన్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో ఎంఎంఓకి అసలు లక్షణం వేలమంది ఉండటం కాదు, మీరు నిద్రపోతున్నప్పుడు కూడా ఆ ప్రపంచం నడుస్తూ ఉండటం. నేను పనిచేసిన ఒక గేమ్‌లో ఇద్దరు వస్తువులు మార్చుకుంటే, పుచ్చుకున్నవాడి సంచీ ముందు, ఇచ్చినవాడి సంచీ తర్వాత విడివిడిగా సేవ్ అయ్యేవి. ఆ రెండింటి మధ్య కనెక్షన్ తెగితే కత్తి ఇద్దరి దగ్గరా ఉండేది. ఆటగాళ్లు దీన్ని మాకంటే ముందే కనిపెట్టి, కావాలని నెట్ తెంపుకుంటూ అరుదైన వస్తువులన్నీ పెంచేసుకున్నారు. తెల్లారేసరికి బజార్లో ధరలన్నీ కుప్పకూలాయి. నిజాయితీగా నెలల తరబడి ఆడి సంపాదించుకున్నవాళ్ల కష్టానికి విలువ లేకుండా పోయింది. వాళ్లు రాసిన మెయిల్స్ చదవడం చాలా బాధగా ఉండేది. రెండు సంచీల మార్పూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో ఉంటే, అయితే రెండూ అవుతాయి, లేకపోతే ఏదీ అవ్వదు. ఈ ఒక్క సూత్రం మీ గేమ్‌లో మొదటి రోజు నుంచీ ఉండాలి. క్లయింట్ "నా దగ్గర 500 నాణేలున్నాయి" అంటే నమ్మకండి. "ఇది కొంటాను" అని అడగడం వరకే దాని హక్కు, లెక్క సర్వర్‌ది.

కాబట్టి నా సలహా: ముందు బొమ్మలు లేని గేమ్ చెయ్యండి. ఈ జాతి ఆటలన్నిటికీ మూలం అదే. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టల్ కొనసాగించిన మడ్ అనే గేమ్ పూర్తిగా అక్షరాలతో నడిచేది. ఉత్తరానికి వెళ్లు, దీపం తీసుకో అని టైప్ చెయ్యడమే ఆట. మీరు తెలుగులో చెయ్యండి. మీ ఊరినే మ్యాప్ చేసుకోండి: రచ్చబండ, చెరువుగట్టు, రామాలయం, సంత. ఒకరు సంతలో మాట్లాడితే సంతలో ఉన్నవాళ్లకే కనిపించాలి. పైన చెప్పిన గడుల పద్ధతి ఇదే, మీరు తెలియకుండానే రాసేస్తారు. చాలా కనెక్షన్లని ఒకేసారి చూసుకోవడానికి పైథాన్‌లోని ఎసింక్ఐఓ, డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సరిపోతాయి. ఇలాంటి టెక్స్ట్ గేమ్‌ల కోసమే ఎవెన్నియా అనే ఉచిత పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, కానీ మొదటిది సొంతంగా రాయండి, తర్వాత దాని కోడ్ చదివితే ఎంత నేర్చుకుంటారో చూడండి.

తెలుగులో చెయ్యమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కంప్యూటర్లు అక్షరాలని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో "రచ్చబండ" అనే మాట 21 బైట్లు, ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు. నెట్‌లో డేటాని చేరవేసే టీసీపీ మీ సందేశాన్ని మధ్యలో ఎక్కడైనా విరిచి ఇవ్వగలదు. అక్షరం సగంలో విరిగితే డీకోడ్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ పడిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలతో టెస్ట్ చేసేవాళ్లకి ఈ తప్పు చాలాకాలం దొరకదు. మీకు మొదటి వారంలోనే దొరుకుతుంది, ప్రతి సందేశం ముందూ దాని పొడవు పంపాలని అప్పుడే నేర్చుకుంటారు.

ఇది నడిచి, సర్వర్ ఆపి మళ్లీ పెట్టినా ఎవరి వస్తువులూ పోకుండా ఉంటే, ఆ సర్వర్‌కే గోడో అనే ఇంజిన్‌లో రాసిన చిన్న టూ-డీ క్లయింట్ తగిలించండి. గోడో ఉచితం, తేలికైన లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. రూన్‌స్కేప్ అనే ఎంఎంఓ 2001లో వచ్చేముందు దాన్ని చేసిన ఆండ్రూ గోవర్ వెళ్లిందీ ఇలాంటి దారిలోనే. టెక్స్ట్ మడ్‌ల మీద ఇష్టంతో మొదలుపెట్టి, డీవియస్‌మడ్ అనే చిన్న గేమ్ చేసి, దాన్ని తిరగరాశాడు. ఎన్నాళ్లంటే, ఉద్యోగమో చదువో చేసుకుంటూ టెక్స్ట్ గేమ్‌కి నాలుగైదు నెలలు, టూ-డీకి ఇంకో ఏడాది పెట్టుకోండి. త్రీ-డీలో పెద్ద ప్రపంచం అయితే నలుగురితో అయ్యే పని కాదు, ఆ మాట దాచను. డబ్బు పందెం పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అలాంటి ఆటలను నిషేధించింది.

నలుగురున్నారు కాబట్టి పని ఇలా పంచుకోండి. ఒకరికి నెట్‌వర్క్, ఒకరికి డేటాబేస్, ఒకరికి ఊరూ కథా. నాలుగో మనిషికి బాట్లు ఇవ్వండి: ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ, కొంటూ, అమ్ముతూ, మధ్యలో కనెక్షన్ తెంచుకునే 500 ఉత్తుత్తి ఆటగాళ్లు. రాత్రంతా వాటిని ఆడించి, పొద్దున్నే ఊళ్లోని నాణేలన్నీ కూడి చూడమనండి. సృష్టించిన నాణేల కంటే ఒక్కటి ఎక్కువున్నా, తక్కువున్నా, ఆ రోజు కొత్త ఫీచర్ రాయకుండా ముందు ఆ తేడా ఎక్కడొచ్చిందో నలుగురూ కలిసి వెతకండి.