పదో పాదంలో వచ్చే పేరు

ప్రశ్న: వర్డ్స్‌వర్త్, ఎడ్గార్ అలన్ పో కవితల్లో స్త్రీ మరణం, పురుషుడి శోకం మీద ఎం.ఏ. సెమినార్ పేపర్ రాస్తున్నాను. వర్డ్స్‌వర్త్ కవితల్లో చనిపోయే లూసీ ఎవరో తేల్చకుండా రాయొచ్చా? తెలుగులో దేనితో పోల్చాలి?
– ఒక విద్యార్థిని, విద్యానగర్, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా రాయొచ్చు. లూసీ ఫలానా అని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. వర్డ్స్‌వర్త్ చెల్లెలు డొరొతీయే అనే ఊహ ఒకటుంది గానీ, అన్న పోయిన ఐదేళ్లకు, 1855లో పోయిందావిడ.

పో దగ్గర ఈ జీవితచరిత్ర యావ మరీ ముంచుతుంది. భార్య వర్జీనియా పోయిన దుఃఖంలోంచే ఆయన కవిత 'ది రావెన్' పుట్టిందని రాసేస్తుంటారు. అది అచ్చయింది 1845లో, వర్జీనియా పోయింది 1847లో. ఆమె క్షయతో బాధపడుతుండగానే, 1846లో, అందగత్తె మరణాన్ని మించిన కవితావస్తువు లేదని, దాన్ని పలకడానికి ఆమెను పోగొట్టుకున్న ప్రియుడి నోరే తగినదని వ్యాసం రాశాడు. అంతమాత్రాన ఆయన శోకం బూటకమని తేల్చేయకండి. దాన్ని నిరూపించడం మీ తరం కాదు, అవసరమూ లేదు.

పెన్సిల్ తీసుకుని వర్డ్స్‌వర్త్ లూసీ కవిత 'షి డ్వెల్ట్ అమంగ్ ది అన్‌ట్రాడెన్ వేస్' ముందు పెట్టుకోండి. పన్నెండే పాదాలు. ఆమె చేసే పనుల కింద గీత గీయండి, 'నేను, నాకు' అన్నచోట సున్నా చుట్టండి. ఆమె ఉంది, బతికింది, పోయింది. అంతే, ఒక్క మాటా మాట్లాడదు. కళ్లెలా ఉంటాయో కూడా తెలీదు. నాచు పట్టిన రాయి పక్కన వయొలెట్ పువ్వు, ఒంటరి చుక్క, ఇవే ఆమె పోలికలు. పేరు పదో పాదంలో గానీ రాదు, అదీ చావు కబురుతో కలిసి. మీ సున్నా ఒక్కటే, కవితలో చిట్టచివరి మాట మీద. మీ పేపర్‌కు ఈ ఒక్క పరిశీలన చాలు. ఆయనదే ఎనిమిది పాదాల 'ఎ స్లంబర్'లో పేరే లేదు. దాన్ని లూసీ కవితల్లో చేర్చింది తరవాతివాళ్లు.

పోయిన స్త్రీని పురుషుడి శోకంతోనే కొలిచే ఈ ధోరణి వర్డ్స్‌వర్త్, పో లాంటి రొమాంటిక్ కవులతోనే మొదలైందని మాత్రం రాయకండి. కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో అజుడు చనిపోయిన భార్య ఇందుమతిని ఇల్లాలు, మంత్రి, సఖి, కళల్లో శిష్యురాలు అంటాడు. అన్నీ తనకే!

తెలుగులో గురజాడ 'పూర్ణమ్మ' తీసుకోండి. చావబోయేముందు అన్నదమ్ములతో మాట్లాడేది ఆమే. నలుగురూ కూర్చుని నవ్వే వేళ తన పేరు తలవమని, మీ బిడ్డల్లో ఒకతెకు పెట్టమని అడుగుతుంది. అయితే అది ప్రియుడి విలాపం కాదు, ముసలి మొగుడికి కట్టబెట్టిన పిల్ల కథ. ఎదురు ఉదాహరణగా ఒక పేరాలో వాడండి, సమాన ఉదాహరణగా కాదు.