లవంగం వాసనతో పని మొదలుపెట్టిన మేనకోడలికి

చి.సౌ. సింధుకు,
మామయ్య ఆశీస్సులు.

తెల్లగా పోసిన లవంగం సబ్బు వారం తిరక్కముందే టీ రంగుకి ఎందుకు తిరిగిందని ఒకటి, సప్లయర్ అంటగట్టాలని చూస్తున్న ఐసోయూజినాల్ అనే పరిమళ పదార్థం ఫేస్ క్రీమ్‌లో వేయొచ్చా అని ఇంకొకటి అడిగావు. రెండోదానికి ముందే చెప్పేస్తున్నాను, వేయకు. ఎందుకో అర్థం కావాలంటే మాత్రం మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. రెండూ ఒకే చోట పుట్టిన గొడవలు.

లవంగానికి ఆ వాసన ఇచ్చేది ప్రధానంగా యూజినాల్. మొగ్గల నుంచి ఆవిరి పట్టి తీసిన నూనెలో అది 70 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. మిగిలింది యూజినైల్ అసిటేట్, కారియోఫిలీన్, ఇంకొన్ని చిల్లర సరుకులు. దాల్చినచెట్టు ఆకు నూనెలో కూడా యూజినాలే ఎక్కువ. బెరడు నూనె సంగతి వేరు, అక్కడ సిన్నమాల్డిహైడ్‌దే రాజ్యం. మన పెరటి తులసిలోనూ యూజినాల్ ఉంది. తమలపాకులో ఉండే చావిబెటాల్ దీనికి చాలా దగ్గరి పదార్థం, అవే పరమాణువులు కాస్త చోటు మారి ఉంటాయి. తమలపాకు చిలకకి లవంగం గుచ్చాలని మొదట ఎవరికి తోచిందో గానీ, మంచి ముక్కున్న మనిషి.

ఇప్పుడు కాస్త కెమిస్ట్రీ. ఇంటర్‌లో చదివిందే, భయపడకు. యూజినాల్‌లో ఒక బెంజీన్ వలయం ఉంటుంది. దానికి ఒక వైపు ఓహెచ్, దాని పక్కనే మిథాక్సీ, ఓహెచ్‌కి ఎదురుగా మూడు కార్బన్ల తోక. ఓహెచ్ నేరుగా బెంజీన్ వలయానికి అంటుకుని ఉంటే దాన్ని ఫినాల్ అంటాం. లవంగంతో నువ్వు పడే తిప్పల్లో ముప్పాతిక భాగం ఆ ఓహెచ్ వల్లే. దానికి క్షారం తగిలితే అది ఆమ్లంలా నడుచుకుని లవణంగా మారుతుంది. గాలి, వెలుతురు తగిలితే ఆక్సీకరణ చెంది రంగు తేలుతుంది. ఇనుము తగిలినా రంగు మారుతుంది. ఈ మూడూ గుర్తు పెట్టుకుంటే విడివిడిగా రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు.

నీ సబ్బులో జరిగింది అదే. కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా సబ్బు చేసే పద్ధతిలో, కాస్టిక్ సోడా ఇంకా పూర్తిగా నూనెలతో కలవకముందే లవంగ నూనె పోశావు. క్షారం మధ్యలో ఫినాల్ మరింత తొందరగా ఆక్సీకరణ చెందుతుంది, అందుకే గోధుమ రంగు. ట్రేస్, అంటే మిశ్రమం చిక్కబడే దశ, కూడా ఉరుకులు పరుగుల మీద వచ్చి, అచ్చులో పోసేలోపే మిశ్రమం గిన్నెలో గట్టిపడి ఉంటుంది, నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. ఈసారి నూనెలు, కాస్టిక్ నీళ్ళు బాగా చల్లారాక కలుపు, నీళ్ళు తగ్గించకు, లవంగ నూనెని వేరే నూనెలో కొంచెం కలిపి చిట్టచివర చేత్తో తిప్పుతూ పోయి, స్టిక్ బ్లెండర్ పక్కన పెట్టెయ్. ఇంత చేసినా తెల్ల సబ్బు తెల్లగా ఉండదు. కాఫీ పొడో, కోకో పొడో వేసి ముదురు రంగు సబ్బుగానే అమ్ము. రంగుతో పోట్లాడటం కన్నా రంగుని ఒప్పుకోవడం తేలిక. ఘాటు తగ్గించడానికి వెనిలిన్ వేద్దామనుకుంటావేమో, అది కూడా ఫినాలే. ఇంకా ముదురుతుంది.

నన్నడిగితే లవంగం అసలు చోటు అగరుబత్తి. పుల్ల ఎలాగూ నల్లగా ఉంటుంది, క్షారం లేదు, చర్మానికి రాసుకునేది కాదు. యూజినాల్ మరిగేది 254 డిగ్రీల దగ్గర కాబట్టి పెట్టెలో ఉండగా తొందరగా ఎగిరిపోదు, నిప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ వేడికి ఆవిరై గదంతా పరుచుకుంటుంది. కొవ్వొత్తుల్లో కూడా బాగానే నడుస్తుంది. చుట్టేటప్పుడు, ముంచేటప్పుడు మాత్రం గ్లవ్స్ వేసుకోండి, నువ్వైనా పనిచేసే అమ్మాయిలైనా. పల్చటి లేటెక్స్‌వి కాదు, నైట్రైల్‌వి. ఒట్టి యూజినాల్ చర్మం మీద పడితే మంట పుడుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా డబ్బా మూత తీయొద్దు.

సరుకు కొనేటప్పుడు జాగ్రత్తలు. యూజినాల్ రంగులేకుండానో, లేత పసుపుగానో ఉండాలి. ముదురు గోధుమ రంగులో ఉందంటే పాతబడిందో, ఇనప డబ్బాలో పడుందో. సాంద్రత దాదాపు 1.06, అంటే నీళ్ళలో చుక్క వేస్తే మునగాలి. పైకి తేలితే అందులో వంటనూనెలాంటి తేలికైనదేదో కలిసి ఉండొచ్చు. మునిగినంత మాత్రాన నిఖార్సు అనుకోకు, కల్తీకి వాడే డీఈపీ (డైఇథైల్ థాలేట్, వాసన లేని ద్రావకం) కూడా మునుగుతుంది. ఇంకో పరీక్ష చెప్తాను, ఇది ఓహెచ్ మీద ఆధారపడింది. రెండు శాతం కాస్టిక్ సోడా నీళ్ళు 20 మిల్లీలీటర్లు తీసుకుని, 1 మిల్లీలీటరు యూజినాల్ పోసి కుదుపు. స్వచ్ఛమైనదైతే లవణంగా మారి పూర్తిగా కరిగిపోతుంది, ద్రవం తేటగా ఉంటుంది. మసకబారినా, పైన నూనె తేలినా ఏదో కలిసినట్టే. ఈ పరీక్ష యూజినాల్‌కే పెట్టు, లవంగ మొగ్గ నూనెకి కాదు. అందులో సహజంగా ఉండే కారియోఫిలీన్ ఎలాగూ కరగదు, అనవసరంగా సప్లయర్‌తో తగువు పెట్టుకుంటావు.

మొగ్గ నూనె పేరుతో ఆకు నూనె అమ్మడం మామూలే. ఆకు నూనె చవక, అందులోనూ యూజినాల్ ఎక్కువే కాబట్టి ఒక్క యూజినాల్ శాతం చూస్తే దొరకదు. యూజినైల్ అసిటేట్ ఎంతుందో చూడాలి, మొగ్గ నూనెలో అది ఎక్కువ, ఆకు నూనెలో బాగా తక్కువ. ముక్కుతో కూడా పట్టుకోవచ్చు. మొగ్గ నూనె మొదటి పీల్పులో పండులాంటి తాజాదనం ఉంటుంది, ఆకు నూనెలో అది లేక పొడిగా, కాస్త కటువుగా తగులుతుంది. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి చూస్తే ఈ తేడా తెలియదు. పది శాతానికి పల్చన చేసి బ్లాటర్, అంటే వాసన చూసే కాగితం ముక్క, మీద చుక్క వేసి, ఒకసారి వెంటనే, ఒకసారి మర్నాడు పొద్దున్న చూడు. మధ్యలో బయటికెళ్ళి గాలి పీల్చుకుని రా.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముదురు రంగు గాజు సీసా, మెడ దాకా నింపి, చల్లటి చోట. సగం ఖాళీ అయిన సీసాలో సరుకుని చిన్న సీసాలోకి మార్చు. ఇనప గరిటె, తుప్పు పట్టిన మూత దగ్గరికి రానీయొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలైతే ఫరవాలేదు. పాలిస్టైరీన్ కప్పుల్లో కొలవకు, కప్పు మెత్తబడి పాడవుతుంది.

ఇంకో సంగతి. కొందరు కస్టమర్లు లవంగం సబ్బు వాసన చూసి "పళ్ళ డాక్టర్ దగ్గర ఉన్నట్టుంది" అంటారు. వాళ్ళ తప్పు కాదు. డాక్టర్లు జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో కలిపి తాత్కాలికంగా పంటి గుంట పూడుస్తారు, ఆ గది వాసన నిజంగా ఇదే. యూజినాల్ ఒంటరిగా ఉంటే ఆ గుర్తు బలంగా వస్తుంది. నారింజ నూనె తోడిస్తే తగ్గుతుంది, గులాబీ తోడిస్తే ఇంకా తగ్గుతుంది. గులాబీ నూనెలో సహజంగానే కొంచెం యూజినాల్ ఉంటుంది కాబట్టి రెండూ త్వరగా కలిసిపోతాయి.

ఇక ఐసోయూజినాల్. 10 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు, అంటే యూజినాల్ ఫార్ములానే. తోకలోని డబుల్ బాండ్ ఒక్క మెట్టు వలయం వైపు జరిగింది, అంతే తేడా. యూజినాల్‌ని గాఢమైన క్షారంతో వేడి చేసి ఆ జరుపుడు జరిపిస్తారు. ఆ ఒక్క జరుపుడుకే వాసనలో పళ్ళ డాక్టర్ వెళ్ళిపోయి కార్నేషన్ పువ్వు వస్తుంది. తియ్యగా, మెత్తగా, బ్లాటర్ మీద రోజుల తరబడి నిలుస్తుంది. గులాబీ వాసన ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, కాస్త య్లాంగ్ య్లాంగ్ పూల నూనె చేరిస్తే నిజంగా పూలగుత్తి చేతికిచ్చినట్టే. నాకు ఇష్టమైన పదార్థాల్లో ఇదొకటని దాచుకోను. 19వ శతాబ్దం చివర్లో యూరప్‌లో లవంగ నూనె నుంచి వెనిలిన్ తయారు చేసింది కూడా దీని మీదుగానే, యూజినాల్‌ని ఐసోయూజినాల్‌గా మార్చి, దాన్ని ఆక్సీకరణ చేసి.

కానీ డబుల్ బాండ్ వలయానికి దగ్గరవడంతో ఓహెచ్ చేసే అల్లరి కూడా పెరుగుతుంది. ఇది చర్మంలో చేరి, అక్కడి ప్రొటీన్లకు అతుక్కునే రూపంలోకి మారుతుంది. మొదట ఏమీ తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్ దొంగ ముఖం గుర్తుపెట్టుకున్నట్టు శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు రవ్వంత తగిలినా దురద, దద్దుర్లు. ఒకసారి మొదలైన అలర్జీ మళ్ళీ వెనక్కి పోదు. యూజినాల్‌కి కూడా ఈ గుణం ఉంది, ఐసోయూజినాల్‌కి చాలా ఎక్కువ. చర్మ డాక్టర్లు పరిమళాల అలర్జీ పట్టుకోవడానికి వీపు మీద పెట్టే ప్యాచ్ పరీక్ష మిశ్రమంలో ఈ రెండూ ఉంటాయి.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇఫ్రా, అంటే అంతర్జాతీయ పరిమళాల సంఘం, చర్మానికి తగిలే వస్తువులో ఐసోయూజినాల్‌ని 0.02 శాతం దాటనిచ్చేది కాదు. కిలో క్రీముకి 0.2 గ్రాములు. ఇప్పుడు వస్తువుని బట్టి వేర్వేరు హద్దులున్నాయి, నీ సప్లయర్ నుంచి తాజా ఇఫ్రా సర్టిఫికెట్ తీసుకుని చూడాలి. కిలోకి 0.2 గ్రాములని వంటింటి తూకం మీద తూచలేవు, చుక్కలు లెక్కపెట్టడం అసలు పద్ధతే కాదు. పది శాతం ద్రావణం చేసి 2 గ్రాములు తూచాలి. దానికి తోడు య్లాంగ్ య్లాంగ్, జాజికాయ నూనెలు వాడితే వాటిలో సహజంగా ఉన్న ఐసోయూజినాల్‌ని కూడా ఆ లెక్కలో కలపాలి. మొహం మీద రాత్రంతా ఉండే క్రీముకి ఇంత టెన్షన్ ఎందుకు? క్రీమ్‌ని వదిలెయ్. కడిగేసే సబ్బులోనైనా హద్దు దాటకు.

జర్మనీలో ఉన్న మీ వదిన స్నేహితులకి సబ్బులు పంపుతానన్నావు. యూరప్ నిబంధనల ప్రకారం కడిగేసే వాటిలో 0.01 శాతం, ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే యూజినాల్, ఐసోయూజినాల్ పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలి. లవంగం సబ్బులో యూజినాల్ ఆ హద్దు దాటకుండా ఉండటం అసాధ్యం, రాసెయ్. అమ్మకానికైతే వాళ్ళకి ఇంకా చాలా కాగితాలు కావాలి, బహుమతిగా పంపడమే నయం.

ఓహెచ్ ఇన్ని తంటాలు తెస్తుంటే దాన్ని మూసేస్తే పోలేదా అని నీకు అనుమానం రావాలి. మూస్తారు. ఓహెచ్‌కి మిథైల్ తగిలిస్తే మిథైల్ యూజినాల్ అవుతుంది. మన మామిడి తోటల్లో పండు ఈగల కోసం కట్టే బుట్టల్లో ఎర అదే, మగ ఈగలు దానికోసం ఎగబడి వచ్చి చస్తాయి. రైతుకి మంచి సరుకే, నీ పనికి కాదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకి బహుశా క్యాన్సర్ కలిగించేదిగా 2ఏ వర్గంలో పెట్టింది. అదే సమావేశంలో ఐసోయూజినాల్‌ని ఒక మెట్టు తక్కువగా 2బీలో పెట్టింది. ఆ వర్గాలు ఆధారాలు ఎంత గట్టివో చెప్తాయి గానీ, నీ సబ్బులో ఉన్నంత మోతాదు ఎంత చెడు చేస్తుందో చెప్పవు. అయినా ఎవరైనా మిథైల్ యూజినాల్ పరిమళానికి పనికొస్తుందని అమ్మజూపితే తీసుకోకు.

ఒక్కటి పని గురించి కాదు, ఇంటి గురించి. చంటోడు పాకుతున్నాడన్నావు. లవంగ నూనె పంటి నొప్పికి వాడేదే కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 5, 10 మిల్లీలీటర్లు మింగిన చిన్నపిల్లలు స్పృహ తప్పి, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సీసాలు తాళం వేసిన అలమరాలో ఉండాలి, వంటింటి గట్టు మీద కాదు. పెద్దవాళ్ళయినా ఒట్టి నూనెని చిగురు మీద పోసుకోకూడదు, కాలుతుంది. తిమ్మిరెక్కి నొప్పి తెలియదు కాబట్టి కాలిన సంగతి కూడా తెలియదు.

సప్లయర్‌ని మూడు కాగితాలు అడుగు: ఆ బ్యాచ్ నంబరుతో ఉన్న అనాలిసిస్ రిపోర్టు, సేఫ్టీ డేటా షీట్, ఇఫ్రా సర్టిఫికెట్. నూనెలో ఏది ఎంతుందో విడదీసి చూపే గ్యాస్ క్రోమాటోగ్రఫీ రిపోర్టు కూడా ఇస్తే ఇంకా మంచిది, దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, అసిటేట్ ఎంతుందో నేను చూసి చెప్తాను. ఈ మూడూ ఇవ్వనంటే ఐసోయూజినాల్‌తో పాటు ఆ లవంగ నూనె డబ్బా కూడా సీలు తీయకుండా తిప్పి పంపెయ్. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నాను.

ఇట్లు,
మీ మామయ్య