తిడితే నవ్వెందుకొస్తుంది?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెటకారం చుట్టూనే తిరిగాయి. కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: టీవీ స్కిట్లో ఒకడు ఇంకొకడి చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. మా ఇంట్లో ఏడేళ్ళ మనవడి నుంచి ఎనభై ఏళ్ళ మా అత్తగారి దాకా పగలబడి నవ్వుతాం. అదే దెబ్బ మా వీధిలో ఎవరైనా తింటే చూడలేం. మా మనసులో ఏమైనా తేడా ఉందా?
(పాఠకురాలు, మల్కాజ్‌గిరి)

జవాబు: మీ మనసు బాగానే ఉంది. ఆ దెబ్బే వేరు.

స్టేజీ మీద కొట్టే చెయ్యి చెంపకు తగలదు, జానెడు దూరంలో గాల్లోంచి వెళ్ళిపోతుంది. చప్పుడు చేసేది దెబ్బ తినేవాడు. ప్రేక్షకులకు కనిపించకుండా పొట్ట దగ్గర తన చేతులు తనే చరుచుకుని, సరిగ్గా అప్పుడే తల పక్కకు విసురుతాడు. కొట్టేవాడి వీపు కాస్త ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి, లేదంటే మధ్యలో ఉన్న ఖాళీ దొరికిపోతుంది. టీవీలో అయితే చప్పుడు ఎడిటింగ్‌లో కలుపుతారు, నిజం దెబ్బకు ఎన్నడూ రానంత గట్టిగా. 16వ శతాబ్దంలో ఇటలీ నాటకాల వాళ్ళు ఇదే పనికి ఒక కర్ర వాడేవారు. రెండు పల్చటి చెక్కబద్దలు ఒకే పిడికి బిగించి ఉంటాయి. ఒంటికి తగలగానే బద్ద మీద బద్ద పడి టప్పుమంటుంది, తగిలేది మాత్రం అంతంతే. దెబ్బలతో, పడిపోవడాలతో నవ్వించే కామెడీని స్లాప్‌స్టిక్ అంటారు, ఆ మాట ఈ కర్ర పేరే.

నవ్వించే లోపం నొప్పినీ నాశనాన్నీ తెచ్చేది కాకూడదని అరిస్టాటిల్ ఎప్పుడో అన్నాడు. 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు దాన్ని ఇంకాస్త బిగించి చెప్పారు. ‘ఇది తప్పు’ అనీ ‘ఏం ఫరవాలేదు’ అనీ ఒకేసారి అనిపించినప్పుడు నవ్వొస్తుంది. మొదటిది లేకపోతే విసుగు, రెండోది లేకపోతే భయమో జాలో. మీ వీధిలో తగిలిన దెబ్బకు రెండోది లేదు.

ఒకసారి టీవీ మ్యూట్ చేసి అదే స్కిట్ చూడండి. దెబ్బ చప్పుడూ, వెనక వేసే నవ్వులూ పోతే సగం సరదా పోతుంది. మనిషి ఒక్కడే ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. రికార్డు చేసిన నవ్వు మీ హాల్లోకి ఆ నలుగురినీ అరువు తెస్తుంది.

నటులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. దెబ్బ తిన్నాక చెంప పట్టుకుని రెండు సెకన్లు ఆగి, కళ్ళు చెమర్చారా, హాలు చల్లబడిపోతుంది. పడ్డవాడు వెంటనే లేవాలి, లేస్తూనే ఏదో ఒకటి అనాలి. పడేదెవరన్నదీ లెక్కే. జమీందారు బురదలో పడితే నవ్వుతాం, ఆయన పల్లకీ మోసే బోయీ పడితే ‘అయ్యో’ అంటాం. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు మెదడు స్కాన్ చేసి చూస్తే, మనం అసూయపడే మనిషికి కష్టం వచ్చిందని చదివినప్పుడు బహుమతి అందినట్టు స్పందించే భాగమే చురుగ్గా కనిపించింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరూ పూర్తిగా పులుకడిగిన ముత్యాలు కారు, మా ఇంట్లోనూ అంతే.

ప్రశ్న: పూర్వం పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని తిడుతూ పాటలు పాడేవారు, ఎవరికీ కోపం వచ్చేది కాదంటారు. మొన్న సంగీత్‌లో మావాళ్ళు పెళ్ళికొడుకు తల్లి మీద చిన్న స్కిట్ వేస్తే మాటలు ఆగిపోయాయి. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?
(పాఠకురాలు, వనస్థలిపురం)

జవాబు: కోపాలు అప్పుడూ వచ్చేవి లెండి, అలకపాన్పు ఊరికే పుట్టలేదు. కానీ మీ స్కిట్‌కు లేని కంచెలు ఆ పాటకు ఉన్నాయి. పాట పాతది, తిట్టు పాటది, పాడినావిడది కాదు. తిండిపోతు, పిసినారి, గయ్యాళి లాంటి నిందలు ఏ వియ్యపురాలు వచ్చినా అవే. విందు అయిపోతే తిట్లూ అయిపోయినట్టే. అన్నిటికన్నా ముఖ్యం, అవతలి పక్షం కూడా బదులు పాడేది. బావామరదళ్ళ సరసం కూడా ఈ కోవదే. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఇలాంటి వాటిని పరిహాస బంధుత్వాలన్నాడు. ఒకరు ఆటపట్టించవచ్చు, రెండోవారు నొచ్చుకోకూడదు, ఆచారమే ఆ ఒప్పందం రాసిపెట్టింది.

సంగీత్‌లో మైకు ఒక పక్షం చేతిలోనే ఉంటుంది. ఎల్‌ఈడీ తెర మీద ఆవిడ ఫొటోయే వేస్తారు. చెప్పేది కొత్త సంగతి, చాలాసార్లు నిజం కూడా. పదిమంది ఫోన్లలో రికార్డయి తెల్లారేసరికి వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇంకోసారి వేస్తే రెండు పక్షాలకూ చెరో మూడు నిమిషాలు, వంతులవారీగా ఇవ్వండి. అందరూ అబద్ధమని ఎరిగిన నిందలే వాడండి. పట్టుచీర ధర, కట్నకానుకలు, ఆవిడ వంట, ఈ మూడింటి జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: వచ్చే నెల మా ఆఫీసరు గారి రిటైర్మెంట్. ఐదు నిమిషాలు ఆయన్ని సరదాగా ‘రోస్ట్’ చేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(పాఠకుడు, నాంపల్లి)

జవాబు: ముందు ఆయన్ని అడగండి. సర్‌ప్రైజ్ పేరుతో దాచిపెడితే అక్కడే సగం చెడుతుంది.

తర్వాత ఆయన అలవాట్లు ఒక ఇరవై కాగితం మీద రాసుకోండి. శరీరం, రంగు, కులం, జబ్బు, పిల్లలు, అప్పులకు సంబంధించినవి కొట్టేయండి. తొమ్మిదో పదో మిగులుతాయి, అన్నీ ఆయన కావాలని చేసేవే అయి ఉంటాయి. మనిషి తను ఎంచుకున్న దాని మీద వేళాకోళాన్ని భరిస్తాడు, తన చేతిలో లేని దాని మీద భరించలేడు. వాటిలోంచి ఆరింటిని తీసుకోండి. ఐదు నిమిషాలకు ఆరు చాలు, ఎందుకంటే ప్రతిదాని తర్వాతా నవ్వు అణిగేదాకా ఆగాలి. ఆ ఆగడం భయపడేవాళ్ళు పంచ్ మీద పంచ్ కుమ్మరిస్తారు, అప్పుడది తిట్ల దండకంలా వినిపిస్తుంది.

ఒక్కో జోకులో గదిలో అందరూ చూసిన నిజం ఒకటుండాలి, దానికొక మెలిక ఉండాలి. ‘సార్ ప్రతి ఫైలు మీదా మాట్లాడండి అని రాస్తారు. తీరా వెళ్తే మనల్ని మాట్లాడనివ్వరు’ అంటే హాలంతా ఒప్పుకుంటుంది, ఆయనతో సహా. మొదటి దెబ్బ మాత్రం మీ మీదే వేసుకోండి. హైదరాబాద్‌లో దక్కనీ ఉర్దూ హాస్య ముషాయిరాలు (కవి సమ్మేళనాలు) విన్నవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. ఘాటైనది నాలుగో ఐదో స్థానంలో ఉంచి, చివరిది మెత్తగా చేయండి.

ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడ: ఆ రోజు ఆయన భార్యాపిల్లలు వస్తారు. ఆఫీసులో పాతబడిన సంగతి వాళ్ళకు కొత్త వార్త. వాళ్ళు వినకూడని జోకు ఉంటే ముందు రోజే తీసేయండి. మాట్లాడుతూ ఆయన ముఖం చూడండి. నోరు నవ్వుతూ కళ్ళు నవ్వకపోయినా, నవ్వేముందు చుట్టూ చూసినా, ఘాటైనదాన్ని వదిలేసి చివరిదానికి దూకేయండి. అయ్యాక మైకు ఆయన చేతికివ్వండి. ‘ఏమనుకోకండి సార్’ అని మాత్రం అనొద్దు. అనుకోవలసిన మాటేదో మీరు అన్నారని మీరే గుర్తుచేసినట్టవుతుంది.

ప్రశ్న: లావు, నత్తి, పొట్టి మీద జోకులు వేయకపోతే కామెడీ ఎలా బతుకుతుంది?
(పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: బద్ధకం తగ్గితే బతుకుతుంది. ఈ రోగం పాతదే. నాట్యశాస్త్రం హాస్యానికి కారణాల్లో అవయవలోపం కనిపించడాన్నీ చేర్చింది. అదే గ్రంథం నవ్వును ఆరు రకాలు చేసి, మొదటి రెండూ ఉత్తములకు, పొర్లిపడి నవ్వే చివరి రెండూ అధములకు కేటాయించింది. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 92 ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తిని నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా. 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వికలాంగులను కించపరిచే హాస్యం వేరని తేడా చెప్పింది. రాసేవాళ్ళకు మా సలహా ఒకటే. నత్తి ఉన్న పాత్ర రాస్తే జోకు అతని చేత వేయించండి, అతని మీద వేయకండి.

ప్రశ్న: మాది సిద్దిపేట. మాదాపూర్‌ల ఐటీ కంపెనీల పన్జేస్త. మీటింగ్‌ల నేను నోరు దెరవంగనే ఒకాయన నా యాసను అనుకరిస్తడు, అందరు నవ్వుతరు. ఏమన్న అంటే ‘లైట్ తీస్కో బ్రో’ అంటడు. నేనే ఎక్కువ ఫీలైతున్ననా?
(పాఠకుడు, మియాపూర్)

జవాబు: లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తెలుగు సినిమా ఏళ్ళ తరబడి తెలంగాణ యాసను రౌడీకీ కమెడియన్‌కీ ఇచ్చింది. మీ సహోద్యోగి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఇలాంటి పరిహాసానికి ముగ్గురు కావాలని ఫ్రాయిడ్ 1905లో రాశాడు: అనేవాడు, పడేవాడు, నవ్వేవాడు. నవ్వేవాడు లేకపోతే అది ఉత్త తిట్టు. కించపరిచే హాస్యం ద్వేషం లేనివాళ్ళలో దాన్ని కొత్తగా పుట్టించదు, అప్పటికే ఉన్నవాళ్ళకు మాత్రం బయటపెట్టుకోవడానికి అనుమతి దొరికినట్టవుతుందని థామస్ ఫోర్డ్, మార్క్ ఫెర్గూసన్ 2004లో చెప్పారు. అందుకే ఆయనతో వాదానికి దిగకండి, నవ్వేవాళ్ళ సంగతి చూడండి. మీటింగ్ అయ్యాక వాళ్ళలో కాస్త దగ్గరైన ఒకరిద్దరికి విడిగా చెప్పండి, ‘మీరు నవ్వుతుంటే నాకు మాట్లాడబుద్ధి కాదు’ అని. ఆయన మళ్ళీ మొదలుపెడితే గొంతు పెంచకుండా, మీ యాసలోనే, ‘సమజ్ కాలే, మళ్ళొక్కసారి చెప్పు. అండ్ల నవ్వేదేముంది?’ అని అడిగి ఆగండి. విడమరిచి చెప్పాల్సి వచ్చిన జోకు అక్కడికక్కడే చస్తుంది. మీరూ నవ్వేసి ఊరుకుంటే మాత్రం అది ఒప్పుదల కింద జమవుతుంది.

హెచ్‌ఆర్‌కు రాయాల్సి వస్తే ‘నా యాసను వెక్కిరిస్తున్నారు’ అన్న ఒక్క వాక్యంతో పని జరగదు. తేదీ, ఏ మీటింగ్, అన్న మాట యథాతథంగా, అక్కడ ఎవరెవరున్నారు, ఈ నాలుగూ ఉండేలా కనీసం మూడు సందర్భాలు ఏ రోజుకారోజు రాసిపెట్టుకోండి.