పెట్రాకు వెళ్లబోతున్న అమ్మాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నవంబరులో జోర్డాన్ వెళ్తున్నావని, అక్కడి కొండల్లో తొలిచిన పురాతన నగరం పెట్రాకు ఒక్క పూటే కేటాయించావని మీ అమ్మ చెప్పింది. ప్రయాణంలో ఇంకెక్కడైనా తగ్గించుకుని, అక్కడ మాత్రం రెండు రోజులు ఉండమని ఈ ఉత్తరం రాస్తున్నాను. రాత్రికి పక్కనే ఉన్న వాదీ మూసా ఊళ్లోనే బస చేసి, ద్వారం తెరిచే వేళకే లోపలికి వెళ్లు.

సిక్ అనే ఇరుకు కనుమలో దాదాపు 1.2 కిలోమీటర్లు నడిచాక, కొండరాతిలో తొలిచిన ఖజ్నా అనే కట్టడం కనిపిస్తుంది. అందరూ దానికోసమే పరుగున పోతారు, మొదటిరోజు నేనూ అలాగే పోయాను. మర్నాడు తాపీగా నడిచినప్పుడే పక్క గోడలను చూశాను. ఒక వైపు రాతిలో తొలిచిన కాలువ, మరో వైపు ఒకదాని మూతిలో ఒకటి అమర్చి సున్నంతో అతికిన మట్టి గొట్టాలు, అక్కడక్కడ ముక్కలుగా ఇంకా మిగిలి ఉన్నాయి. వాన చాలా తక్కువ పడే ఆ ఎడారి అంచున, ఈ నగరాన్ని నిర్మించిన నబాతీయులు ఊటనీటిని ఊరి దాకా నడిపించిన తీరు అది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూసిన బెంగళూరు మనిషిని కనుక, ఆ గొట్టం ముక్క ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. నువ్వూ అక్కడ ఆగు. అయితే గోడను తాకవద్దు. అది మెత్తని ఇసుకరాయి, నా పైట చెంగు రాసుకున్నంత మాత్రానికే ఎర్రటి పొడి రాలింది.

ఖజ్నా అంటే మనం వాడే ఖజానా అన్న మాటే. పైనున్న రాతి కలశంలో నిధి ఉందని నమ్మి బెదూయిన్లు అనే ఎడారి తెగలవాళ్లు కాల్చిన తూటాల గుర్తులు దానిమీద కనిపిస్తాయి. నిజానికి ఆ కలశం లోపలంతా రాయే. సుమారు 40 మీటర్ల ఎత్తున్న ఆ ముఖభాగాన్ని, మన ఎల్లోరా కైలాసం లాగే, పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. ఇరుపక్కలా నిలువు వరుసల్లో ఉన్న గుంటలను గమనించు, అవి ఆ పనివాళ్ల కోసం తొలిచినవని చెబుతారు. అది తూర్పు ముఖం కాబట్టి ఎండ పొద్దున పూటే పడుతుంది.

కొండల్లో కనిపించే ఆ తొలుపుల్లో చాలావరకు సమాధులేనని గుర్తుంచుకుంటే ఊరంతా వేరుగా అర్థమవుతుంది. జనం నివసించిన ఇళ్లలో ఎక్కువ భాగం విడిగా కట్టిన ఇళ్లే. క్రీ.శ. 106లో రోమన్ల ఏలుబడిలోకి వచ్చిన ఆ నగరాన్ని 363 నాటి భూకంపం బాగా దెబ్బతీసింది. అందుకే స్తంభాల వీధిలో నీకు ఎక్కువగా శిథిలాలే కనిపిస్తాయి. వాటిని దాటుకుని వెళ్లిపోకు.

అద్దైర్ అనే కట్టడానికి సుమారు 800 మెట్లు ఎక్కాలి. దానిమీద ఎండ మధ్యాహ్నం తర్వాత పడుతుంది. మీ పెదనాన్నగారు మిట్టమధ్యాహ్నం ఒక్క నీళ్ల సీసాతో ఎక్కబోయి, సగం దారిలో కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. దారి పక్కన సామాన్లు అమ్ముకునే ఒక పెద్దావిడ తీయటి టీ ఇచ్చి, ఆయనను తన గుడారం నీడలో గంటసేపు కూర్చోబెట్టింది. నువ్వు మూడు సీసాలు పెట్టుకో, గాడిదనెక్కి మాత్రం వెళ్లవద్దు. ఆ అరిగిన మెట్ల మీద అది దానికీ కష్టమే, నీకూ ప్రమాదమే.

ఆకాశం మబ్బు పట్టితే సిక్‌లోకి అడుగు పెట్టవద్దు. 1963లో అకస్మాత్తుగా వచ్చిన వరదలో అక్కడ ఇరవై మందికి పైగా పర్యాటకులు చనిపోయారు. ఎక్కడో కొండల మీద కురిసిన వాన నిమిషాల్లో ఆ ఇరుకులోకి దూసుకొస్తుంది. కాపలావాళ్లు వెనక్కి వెళ్లమంటే, టికెట్టు డబ్బు పోయిందని బాధపడకుండా వెంటనే తిరిగి వచ్చేయి.

కొత్త బూట్లతో అంత దూరం నడవడం మంచిది కాదు. ఈ నెలలో రెండు ఆదివారాలు నంది హిల్స్ మెట్ల దారిలో వాటిని వేసుకుని ఎక్కి చూడు. మొదటి ఆదివారం నేనూ వస్తాను, తెల్లవారుజామున ఐదింటికి మా ఇంటి ముందు ఉండు.

ఇట్లు,
పెద్దమ్మ