ఏడాదిలో నర్సు లైసెన్స్ కోసం 26,500 డాలర్ల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: ఆరేళ్లుగా నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. నాకు 37 ఏళ్లు. గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. నిరుడు గ్రీన్‌కార్డు వచ్చింది. ఇద్దరు పిల్లలు. మా వారిది ఐటీ ఉద్యోగం, ఏడాదికి 1,18,000 డాలర్లు. ఆయన టీమ్‌లో సగం మందిని తీసేశారు, ఎప్పుడేం జరుగుతుందోనని టెన్షన్. ఒక ప్రైవేటు స్కూలు 13 నెలల ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) కోర్సుకు 26,500 డాలర్లు అడుగుతోంది. లోన్ వాళ్లే ఇప్పిస్తారట, 11 శాతం వడ్డీ, ఏడేళ్లు. సోమవారంలోగా 500 డాలర్ల డిపాజిట్ కట్టమంటున్నారు. మా నెల ఖర్చు 4,600, దాచుకున్నది 31,000. ఇందులో చేరనా, నేరుగా దాని పై స్థాయి అయిన ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) చదవనా?

జవాబు: మీ పరిస్థితిలో ఎల్‌పీఎన్ మంచి ఆలోచనే. కానీ ఆ అప్పు మాత్రం వద్దు. డిపాజిట్ కట్టకండి.

లెక్కల్లోకి వెళ్లే ముందు ఒక మాట. మీ ఉత్తరమంతా ఫీజు గురించే ఉంది, పని గురించి ఒక్క ముక్క లేదు. లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్ ఆర్‌ఎన్ లేదా డాక్టర్ పర్యవేక్షణలో పనిచేస్తారు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో వీళ్లనే ఎల్‌వీఎన్ అంటారు. బీపీ, జ్వరం చూడడం, మాత్రలు, ఇన్సులిన్ ఇవ్వడం, పుండ్లకు కట్లు మార్చడం, యూరిన్ కాథెటర్ పెట్టడం, స్నానానికి సాయపడడం, చేసిన ప్రతి పనీ చార్టులో ఎక్కించడం వీళ్ల పని. పేషెంట్‌లో తేడా కనిపిస్తే వెంటనే ఆర్‌ఎన్‌కు చెప్పాలి. పేషెంట్‌కు ఏ సేవ ఎలా చేయాలో నిర్ణయించే కేర్ ప్లాన్ బాధ్యత ఆర్‌ఎన్‌ది. నరంలోకి ఎక్కించే ఐవీ మందుల విషయంలో ఎంతవరకు చేయవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి, పనిచేసే చోటుని బట్టి మారుతుంది. ఉద్యోగాలు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది నర్సింగ్ హోముల్లో. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే గుంటూరులో మనం చూసిన చిన్న ఆస్పత్రి కాదు, తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు.

మా అత్తగారికి తుంటి ఎముక విరిగినప్పుడు మూడు వారాలు అలాంటి చోట ఉన్నారు. రాత్రి డ్యూటీ ఎల్‌పీఎన్ మందుల బండి తోసుకుంటూ ఒక్కో గది దగ్గరా ఆగేది. చేతి పట్టీ మీద పేరు చదివి, స్క్రీన్‌తో సరిచూసి, మాత్ర నలిపి ఆపిల్ గుజ్జులో కలిపి తినిపించేది. అత్తగారు మింగేదాకా కదిలేది కాదు. ఒక రాత్రి దుప్పటి సర్దుతూ మడమ దగ్గర చిన్న ఎర్రటి మచ్చ చూసింది. వెంటనే కాలి కింద దిండు పెట్టి, ఆర్‌ఎన్‌ను పిలిచి చూపించింది. అది పుండు కాకుండా ఆగింది. ఈ ఉద్యోగానికి జీతం ఇచ్చేది ఆ చూపుకే అని నాకు ఆ రోజు అర్థమైంది. ఇలాంటి రాత్రులు మీకు నచ్చుతాయో లేదో ముందు తెలుసుకోండి. అందుకు దారి సీఎన్‌ఏ, అంటే నర్స్ ఎయిడ్. కొన్ని వారాల కోర్సు, ఆ తర్వాత జీతంతో పని. మీ రాష్ట్రంలో చాలా కాలేజీలు ఎల్‌పీఎన్ సీటుకు ఎలాగూ ఇది అడుగుతాయి.

అర్హత విషయంలో మీకు ఇబ్బంది లేదు. హైస్కూల్ చదువు చాలు. మీ ఇంటర్, డిగ్రీ మార్కుల్ని ఇక్కడి లెక్కలోకి మార్పించుకోవాలి. చాలాచోట్ల ప్రవేశ పరీక్ష, టీకాలు, నేరచరిత్ర తనిఖీ ఉంటాయి. కోర్సు దాదాపు ఏడాది. అందులో క్లినికల్స్‌కి, అంటే పేషెంట్ల దగ్గర చేసే శిక్షణకి, పొద్దున్నే వెళ్లాలి, జీతం ఉండదు. పిల్లల్ని స్కూలుకు ఎవరు దింపుతారో ఇప్పుడే మాట్లాడుకోండి. చివర్లో లైసెన్స్ కోసం ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష: ఫీజు 200 డాలర్లు, 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటల గడువు. రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఫీజులు వేరు.

ఇక డబ్బు. 26,500 డాలర్లు 11 శాతానికి ఏడేళ్లంటే నెలకు దాదాపు 454 డాలర్ల కిస్తీ. మొత్తం కట్టేది 38,000 పైనే. మీ రాష్ట్రంలో ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ స్థానికులకు చాలా ఏళ్లుగా క్రెడిట్‌కు, అంటే చదువును కొలిచే యూనిట్‌కు, 76 డాలర్లు, సెమిస్టర్‌కు ఎన్ని క్రెడిట్లు తీసుకున్నా 1,216 దాటదు. మూడు సెమిస్టర్లకు 3,648. పుస్తకాలు, యూనిఫాం, చిన్న చిన్న ఫీజులు కలిపినా ప్రైవేటు ఫీజు దరిదాపుల్లోకి రాదు.

మీ వారి ఉద్యోగం ఊగుతున్నప్పుడు ఆరు నెలల ఖర్చు, అంటే 27,600 డాలర్లు, కదపకూడదు. మిగిలేది 3,400. ట్యూషన్ ఇంచుమించు అంతే, అదీ మూడు విడతల్లో. ఏడాదికి 1,60,000 లోపు ఆదాయమున్న దంపతులకు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను రాయితీ కింద ట్యూషన్‌లో 20 శాతం పన్నులో తగ్గుతుంది. ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ మీద ఆశ పెట్టుకోకండి, ఇలాంటి ఏడాది కోర్సుకు డిగ్రీ ఉన్నవాళ్లకు అది రాదు. మీ మూడేళ్ల డిగ్రీని ఎలా లెక్కిస్తారో మాత్రం కాలేజీలో అడగండి. తప్పనిసరైతే ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు, కోర్సుకు ఆ అర్హత ఉంటే మొదటి ఏడాది పరిమితి 9,500. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆ దారి మీకు తెరిచే ఉంది.

ప్రైవేటు స్కూలు వైపు ఉన్న న్యాయమైన వాదన కూడా చెప్పాలి. కమ్యూనిటీ కాలేజీలో సీట్లు తక్కువ, ఏడాది ఆగాల్సి రావచ్చు. 2024 మే నాటి అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో ఎల్‌పీఎన్ మధ్యస్థ జీతం 62,340 డాలర్లు. ఏడాది ఆలస్యమంటే అంత ఆదాయం వెనక్కి జరిగినట్టే. పైకి చూస్తే ప్రైవేటే లాభంలా ఉంటుంది. కానీ అదే లెక్కల్లో ఆర్‌ఎన్ జీతం 93,600. ఏడాదికి 31,260 తేడా. అందుకే ఎల్‌పీఎన్ దగ్గర ఆగిపోవద్దు, బ్రిడ్జ్ కోర్సుతో ఆర్‌ఎన్ అవ్వాలి. ఆ కోర్సుకు లైసెన్స్‌తో పాటు అనాటమీ, ఇంగ్లిష్, సైకాలజీ లాంటి సబ్జెక్టుల క్రెడిట్లు కావాలి. ప్రైవేటు స్కూలు క్రెడిట్లు చెల్లకపోతే అవన్నీ మళ్లీ చదవాలి, మిగిలిందనుకున్న ఏడాది అక్కడ పోతుంది. సీటు కోసం ఆగే కాలంలో మీరు ఆ సబ్జెక్టుల్నే క్రెడిట్‌కు 76 డాలర్లతో పూర్తిచేయండి, సీఎన్‌ఏగా జీతమూ తెచ్చుకోండి. అలా చూస్తే ఆగిన ఏడాది వృథా కాదు.

నేరుగా ఆర్‌ఎన్ ఎందుకు వద్దంటున్నానంటే, మీ ఇంట్లో రెండో జీతం త్వరగా రావాలి. మీ వారి ఉద్యోగం స్థిరంగా ఉంటే రెండేళ్ల ఆర్‌ఎన్ కోర్సే చేయమనేవాడిని.

ఇది చదివే మిగతావాళ్లకు రెండు ముక్కలు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు చదవవచ్చు, ఈఏడీ అనే పని అనుమతి లేకుండా పని చేయకూడదు, సీఎన్‌ఏ పనైనా సరే. ఆంధ్ర, తెలంగాణల్లో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు ఎల్‌పీఎన్‌గా గ్రీన్‌కార్డు అని ఏజెంట్ చెబితే డబ్బు ఇవ్వకండి. నర్సుల గ్రీన్‌కార్డు దారిని సులువు చేసే షెడ్యూల్ ఎ అనే జాబితాలో నర్సుల్లో ఆర్‌ఎన్‌లకే చోటుంది, ఎల్‌పీఎన్‌లకు లేదు. మీరు రాయాల్సింది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్.

మళ్లీ మీ దగ్గరికి. సోమవారం ఫోన్ చేయాల్సింది ఆ స్కూలుకు కాదు, మీకు దగ్గరి కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్ విభాగానికి. ఎల్‌పీఎన్ కోర్సు తమ దగ్గర లేకపోతే ఏ కాలేజీలో ఉందో వాళ్లే చెబుతారు. దరఖాస్తు గడువు, ఆగాల్సిన కాలం, బ్రిడ్జ్‌కు ఏ క్రెడిట్లు ఒప్పుకుంటారు, ఈ మూడూ ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఆ ప్రైవేటు స్కూలు పేరు రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదించిన జాబితాలో ఉందో లేదో, దాని ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత శాతం ఎంతో బోర్డు వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఆ జాబితాలో లేని స్కూల్లో చదివితే పరీక్షకే కూర్చోనివ్వరు.